కళ్లె పరీక్షకు నిలిచే జ్ఞానం

మన సంఘాల్లో కమిటీ మీటింగు వేడెక్కినప్పుడల్లా ఎవరో ఒకరు 'దేవుడు నాతో చెప్పాడు' అంటారు. ఇక చర్చ అక్కడితో సరి. ఎదురు మాట్లాడినవాడు అవిశ్వాసి. యాకోబు పత్రిక మూడో అధ్యాయం మాత్రం పైనుంచి వచ్చే జ్ఞానానికి చెప్పిన గుర్తుల్లో ఎదుటివాడు చెబితే వినే గుణాన్నీ చేర్చింది. మన పని సరిగా ఉందో లేదో పదిమందినీ చూడనివ్వడమే వినయానికి అసలు కొలత అని నా వాదన.

దీనికి సాక్ష్యం మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో ఉంది. పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో తెరిచిన క్షయ శానిటోరియం అది. మందు లేని ఆ రోజుల్లో మంచం మీద విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండే వైద్యం. క్షయకు బీసీజీ టీకా వచ్చాక, అక్కడివాళ్లు దేవుడిచ్చిన వరమని అందరికీ పొడిచేసి ఊరుకోలేదు. 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో కొందరికి వేసి, కొందరికి వేయకుండా, ఏ గుంపులో ఎందరికి జబ్బు వస్తుందో ఏళ్ల తరబడి లెక్క రాశారు. (వేయనివాళ్ల మాటేమిటని అడగాల్సిందే.) ఆ తర్వాత ఆరోగ్యవరానికి గట్టి దెబ్బ మద్రాసు నుంచి తగిలింది. అప్పటికి వచ్చిన మందులు సరిగ్గా వాడితే ఇంట్లో ఉన్న రోగీ, శానిటోరియంలో ఉన్న రోగీ దాదాపు ఒకేలా కోలుకుంటారని అక్కడి అధ్యయనం 1959లో తేల్చింది. మంచాలనే నమ్ముకున్న సంస్థకు ఇంతకంటే చేదు మాట ఏముంటుంది? ఆరోగ్యవరం ఆ మంచాలనే పట్టుకు వేలాడలేదు. పోనుపోను అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి అయింది.

ఇది సైన్సు గొప్ప, భక్తిది కాదనవచ్చు. పద్ధతి సైన్సుదే, తన ఇంటికే ఎసరు తెచ్చే ఫలితాన్ని ఒప్పుకోవడానికి మాత్రం పద్ధతి ఒక్కటే చాలదు. విశ్వాసి ఇలా ఊగిసలాడితే ఎలా అంటారు ఇంకొందరు. క్రీస్తు మీది విశ్వాసం వేరు, మన వైద్యం మీద, మన తీర్మానాల మీద పెట్టుకున్న నమ్మకం వేరు. మనం ఎరిగింది కొంతమట్టుకేనని పౌలే కొరింథీయులకు రాశాడు. మిషనరీలు మన ఆచారాలను చిన్నచూపు చూడలేదా? చాలామంది చూశారు. అందుకే వాళ్ల స్వభావాన్ని పక్కనబెట్టి పనితీరునే సాక్ష్యంగా తీసుకున్నాను. క్షయ వచ్చిన విశ్వాసులకు ఒక మనవి: ప్రార్థన మానకండి, డాక్టరు ఆపమనేదాకా మాత్రలూ మానకండి. మానేయమని దేవుడు తనతో చెప్పాడనే బోధకుణ్ణి ముందు మీ కళ్లె పరీక్షలో క్షయ క్రిములు లేవన్న రిపోర్టు చూపించమనండి.