కాటి సీను ఎందుకు చూస్తాం?

ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం దాకా ఈ నెల్లూరు తీరంలోని ఊళ్ళలో తిరునాళ్ళ రాత్రి పద్యనాటకం పెట్టించడం పాత అలవాటు. గయోపాఖ్యానమో, రామాంజనేయ యుద్ధమో అయితే పంతాలూ పౌరుషాలూ చూసి జనం హుషారు పడతారు. హరిశ్చంద్ర అంటే మాత్రం అందరూ ఎదురుచూసేది కాటి సీను కోసమే. మిగతా నాటకం వదిలేసి ఆ ఒక్క సీనే ఆడించుకునే ఊళ్ళూ ఉన్నాయి. పండగపూట పిల్లాజెల్లాతో వచ్చి, చాపలు పరుచుకుని, నడిరాత్రి దాటాక ఒక శ్మశానాన్ని చూడ్డానికి ఇంతమంది ఎందుకు మేలుకుని ఉంటారు? ఏడవడానికే అయితే అంతసేపు అక్కర్లేదు. ఏడుపు దాటి మనిషిని ఆలోచనలోకి దించే పనితనం ఆ సీనులో ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

కథ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఆడిన మాట కోసం విశ్వామిత్రుడికి రాజ్యం ధారపోసిన హరిశ్చంద్రుడు, ఇంకా మిగిలిన అప్పు తీర్చడానికి కాశీలో భార్య చంద్రమతిని కాలకౌశికుడికి అమ్ముతాడు. తను వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. పాము కరిచి చనిపోయిన కొడుకు లోహితుణ్ణి చేతుల మీద మోసుకుని చంద్రమతి ఆ కాటికే వస్తుంది. మార్కండేయ పురాణం చెప్పిన ఈ కథను 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో రాశాడు. ఆధునిక రంగస్థలం మీద దాన్ని ఇంటింటి కథ చేసింది బలిజేపల్లి లక్ష్మీకాంతకవి. ఆయన నాటకంలోని పద్యాలు అక్షరం రాని వాళ్ళ నోళ్ళలో కూడా నిలిచాయి.

సీను మొదలయ్యేసరికి రంగం మీద ఒక్కడే మనిషి. భుజాన గొంగడి, చేతిలో కర్ర. అప్పు కోసం వెంటపడిన విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడి నస లేదు, రాజసభ లేదు, కబురు తెచ్చే భటుడూ లేడు. అంతవరకూ ఒకరి మీద ఒకరు పద్యాలు విసురుకున్న నాటకం ఇక్కడ ఆగిపోతుంది. కథ ముందుకు కదలదు. హరిశ్చంద్రుడు అటూ ఇటూ నడుస్తూ, చుట్టూ కాలుతున్న చితుల్ని చూస్తూ తనలో తను మాట్లాడుకుంటాడు. కొడుకు శవం వస్తోందని ప్రేక్షకులకు ముందే తెలుసు, అతనికి తెలియదు. ఆ తెలిసిన కబురును గుండెల్లో పెట్టుకుని మనం అతని పద్యాలు వింటాం. లోకంలో ఎవరెవరో పోయిన సంగతి అతను తలుచుకుంటుంటే, వస్తున్న శవం ఎవరిదో మన మనసు చెబుతూనే ఉంటుంది.

ఇక్కడే పద్యం పని మొదలవుతుంది. మంచి నటుడు ముందు పద్యాన్ని పదం పదం విడదీసి, అర్థం తెలిసేలా చదువుతాడు. ఆ తర్వాతే చివరి పాదం దగ్గర రాగం అందుకుంటాడు. హార్మోనియం ఆ గొంతు వెంటే నడుస్తుంది. మాటతో అందిన భావం రాగం సాగినంతసేపూ మనసులో నానుతుంది. వచనంలో అయితే ఒక్క నిమిషంలో దాటిపోయే దుఃఖాన్ని పద్యం పట్టి నిలబెడుతుంది. జనం వన్స్‌మోర్ కొడితే అదే భావం మళ్ళీ మన ముందుకు వస్తుంది. రాగం సాగదీతలు ఎక్కువని విమర్శించే వాళ్ళ మాటలో న్యాయం ఉంది. అర్థాన్ని మింగేసే రాగం ఎవరికీ మేలు చేయదు. కానీ అర్థం ముందు నడిచి రాగం వెనక వస్తే, ఆ సాగుడే ప్రేక్షకుడికి ఆలోచించుకునే వ్యవధి. డి.వి.సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు వంటి హరిశ్చంద్ర పాత్రధారులకు అంత పేరు రావడానికి గొంతు ఒక్కటే కారణం కాదు, ఆ వ్యవధిని ఇవ్వడం తెలియడం కూడా.

ఈ సీనుకు ప్రాణం పోసిన పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. ఆయన శ్మశానవాటి పద్యాలను నటులు తెచ్చి కాటి సీనులో కలుపుకున్నారు. ప్రజలు వాటిని నాటకంలో భాగంగానే తీసుకున్నారు. కవి కలం, రాజు ముద్రిక, చిత్రకారుడి కుంచె, లేత ఇల్లాలి నల్లపూసలు, అన్నీ చివరికి చేరే చోటు ఇదేనని ఆ పద్యాలు ఒక్కొక్కటిగా చూపిస్తాయి. చావు అందరికీ వస్తుందని ఊరికే చెబితే అది ఉపదేశం. పోయిన వాళ్ళ చేతిలో ఉండిన వస్తువును చూపిస్తే, వింటున్న ప్రతివాళ్ళకూ తమ ఇంట్లో పోయిన మనిషి గుర్తొస్తాడు. అక్కడితో ఆగలేదు జాషువా. అంటరానితనానికి చోటులేని స్థలం ఇదొక్కటే అన్నాడు. 1895లో వినుకొండలో పుట్టి కులం పేరిట అవమానాలు పడిన కవి అన్న మాట అది. శ్మశానాలు కూడా కులానికొకటిగా ఉన్న ఊళ్ళలో, అన్ని కులాలవాళ్ళూ కూర్చున్న మైదానంలో, కాటికాపరి వేషంలో ఉన్న చక్రవర్తి నోట ఆ మాట వినపడటం చిన్న సంగతి కాదు. చావు ముందు అందరూ సమానమైతే బతికుండగా ఎందుకు కాదు అన్న ప్రశ్న పద్యం అడగకుండానే వినిపిస్తుంది.

తర్వాత చంద్రమతి వస్తుంది. చీకట్లో ఒకరినొకరు గుర్తుపట్టరు. శవాన్ని దించమన్నవాడు సుంకం కట్టమంటాడు. ఆమె దగ్గర చిల్లిగవ్వ లేదు. మెడలో మంగళసూత్రం ఉందిగా, దాన్ని అమ్మి కట్టమంటాడతను. భర్త కంటికి తప్ప మరెవరికీ కనపడని సూత్రం అది. ఆ ఒక్క మాటతో ఎదురుగా ఉన్నది ఎవరో ఇద్దరికీ తెలిసిపోతుంది. గుర్తుపట్టడానికి కౌగిలో, కన్నీళ్ళో కాకుండా సుంకం కోసం జరిగిన తగువును వాడుకోవడం ఈ కథ కట్టడంలో గొప్ప ఒడుపు. అంతకంటే కఠినమైనది ఆ తర్వాత వస్తుంది. చచ్చింది తన కొడుకేనని తెలిశాక కూడా హరిశ్చంద్రుడు సుంకం వదలడు. అది యజమాని సొమ్ము, మాఫీ చేసే హక్కు తనకు లేదంటాడు.

ఇక్కడ నా మనసు ప్రతిసారీ రెండుగా చీలుతుంది. మాట ఇచ్చింది అతను, అమ్ముడుపోయింది ఆమె, చనిపోయింది ఏ మాటా ఇవ్వని పసివాడు. ఒకడి సత్యానికి ఇంకొకరు ఎందుకు వెల కట్టాలి? నాటకం ఈ ప్రశ్నను దాచదు. చంద్రమతి రోదన అంతా అదే. చివర్లో, చేయని హత్య నేరం నెత్తిన పడిన ఆమె తల నరకమని అతనికే ఆజ్ఞ వస్తుంది. ఎత్తిన కత్తి దిగబోతుండగా దేవతలు ప్రత్యక్షమై బిడ్డను బతికిస్తారు. కానీ తెల్లవారి ఇంటికి పోతూ జనం మాట్లాడుకునేది దేవతల గురించి కాదు, సుంకం గురించే.

ఈ కథ తెరకు ఎక్కడంలోనూ ముందే ఉంది. 1913లో ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’ భారతీయ సినిమాకే నాంది. తెలుగులో 1935లో అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబలతో, 1956లో ఎస్వీ రంగారావు, లక్ష్మీరాజ్యంలతో, 1965లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో ఎన్టీఆర్, ఎస్.వరలక్ష్మిలతో వచ్చింది. తెర ముఖాన్ని దగ్గరగా చూపిస్తుంది, కంటి తడి కనిపిస్తుంది. అది రంగస్థలానికి లేని బలం. అయితే థియేటర్ చీకట్లో ఎవరి ఏడుపు వాళ్ళదే. తిరునాళ్ళలో ఆ ఏడాది ఎవరింట్లో ఎవరు పోయారో పక్కన కూర్చున్నవాళ్ళకు తెలుసు. అక్కడ చంద్రమతి పద్యం ఊరందరి దుఃఖాన్నీ కలిపి మోస్తుంది.

దేవతలు రాని కథ ఎలా ఉంటుందో 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ చూపించింది. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ దానికి ఆధారం. పురిటినొప్పులతో కోడలు చచ్చిపోతుంది. కఫన్ కోసం, అంటే శవానికి కప్పే గుడ్డ కోసం, అడుక్కున్న డబ్బును కథలో తండ్రీకొడుకులు తాగేస్తారు. రెండు కథల్లోనూ శవం ముందు లెక్క డబ్బుదే. హరిశ్చంద్రుడు సర్వం పోయినా పరుల సొమ్ము ముట్టడు. వీళ్ళకు బతుకు ఏమీ మిగల్చలేదు, కాబట్టి పోగొట్టుకునేదీ లేదు. ఒకటి మనిషి ఎంత ఎత్తు నిలబడగలడో చూపిస్తే, రెండోది పేదరికం మనిషిని ఎంత కిందకి తొక్కగలదో చూపిస్తుంది. రెండూ చూస్తేనే చిత్రం పూర్తవుతుంది.

ఈ తీరానికి చావు ఎప్పుడూ దూరంగా లేదు. వేటకెళ్ళిన పడవ కోసం ఎదురుచూడటం, తుపాను వార్తకు ఉలిక్కిపడటం ఇక్కడి బతుకులో భాగం. 2004 డిసెంబరు 26 సునామీ నెల్లూరు తీరాన్నీ వదల్లేదు. మహాభారత యుద్ధం ముగిశాక తమవాళ్ళ శవాలు వెతుక్కునే స్త్రీల శోకాన్ని ఒక పర్వం పొడవునా తెలుగు చేసిన తిక్కనదీ ఈ నెల్లూరే. దుఃఖం ముందు కూర్చోవడం మనకు కొత్త కాదు.

అందుకే నాటకాలు పెట్టించే పెద్దలను ఒకటి కోరుతున్నాను. టైం లేదని కాటి సీను పద్యాలను సగానికి కోయించకండి. పద్యాలు కోస్తే ఏడుపు మిగులుతుంది, ఆలోచన పోతుంది. పిల్లలు భయపడతారని నిద్రపుచ్చకండి, లేపి ముందు కూర్చోబెట్టండి. చిన్ననాడు హరిశ్చంద్ర నాటకం చూసి, దాన్ని మళ్ళీ మళ్ళీ తనలో తనే ఆడుకున్నానని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకు నిజాయితీగా ఉండకూడదని ఆ పిల్లవాడు తనను తాను అడుక్కున్నాడు. పోయేటప్పుడు ఏదీ వెంట రాదని కాటి సీను చెబుతుంది. కాబట్టి ఉన్నన్నాళ్ళూ దేన్ని అమ్ముకోకూడదో తేల్చుకోమని అడుగుతుంది. ఆ జవాబును ఎవరికి వాళ్ళే వెతుక్కోవాలి. అడిగే చోటు మాత్రం ఊళ్ళో ఒకటి ఉండితీరాలి.