కప్పు చూసి కొనాల్సిన ఇల్లు

ఇటలీ దక్షిణాన పూలియా ప్రాంతంలో ఇత్రియా లోయ అని ఒకటుంది. అక్కడ పాత రాతి ఇల్లు అమ్మకానికి వస్తే విస్తీర్ణం కన్నా ముందు శంకువుల లెక్క చెబుతారు. మూడు శంకువుల ఇల్లు, అయిదు శంకువుల ఇల్లు అంటారు. ఆ ఇంటి పేరు ట్రుల్లో. వెల్ల వేసిన మందపాటి గోడలు, వాటి మీద బూడిదరంగు రాతి పలకలతో కోసుగా లేచిన కప్పు. సాధారణంగా గదికొక కప్పు కాబట్టి శంకువులు లెక్కపెడితే ఇంటి పరిమాణం తెలిసిపోతుంది. లొకొరొతొందో, చిస్తెర్నీనో, మార్తీనా ఫ్రాంకా ఊళ్ల చుట్టూ ద్రాక్షతోటల్లో, ఆలివ్ చెట్ల మధ్య ఇవి కనిపిస్తాయి. పరదేశాల నుంచి వచ్చి కొనుక్కునేవాళ్లు చాలామంది ఆ తెలుపుకీ ఆ ఆకారానికీ ముచ్చటపడతారు. నా దృష్టిలో మాత్రం వాళ్లు డబ్బు పెడుతున్నది ఒక మేస్త్రీ పనితనం మీద. అదేమిటో తెలిసి కొన్నవాళ్ల చేతిలో ఇల్లు బతుకుతుంది. తెలియకుండా కొన్నవాళ్ల చేతిలో మరమ్మతు పేరుతోనే పాడవుతుంది.

ఆ నేలంతా సున్నపురాతి పీఠభూమి. పైన ఎర్రమట్టి పలచగా ఉంటుంది, కొంచెం తవ్వితే బండ తగులుతుంది. వాననీరు బండ పగుళ్లలోకి ఇంకిపోతుంది కనుక పైన ఏరూ వాగూ కనిపించవు. సేద్యం చేయాలంటే ముందు రాళ్లు ఏరాలి. ఏరిన రాళ్లతో పొలం చుట్టూ గోడలు కట్టారు, ఇళ్లూ కట్టారు. ఇల్లు లేపే చోట మట్టి తీసి, బండ తేలాక అందులోనే నీళ్ల తొట్టి తవ్వేవారు. తవ్వగా వచ్చిన రాయి గోడలకెక్కేది. ఇంటికి రాయినిచ్చిన గుంతే ఆ ఇంటి మనుషులకు నీళ్లూ ఇచ్చింది. ఇంత పొదుపైన ఆలోచన నేను ఇంకే కట్టడంలోనూ చూడలేదు.

గోడకు లోపలొక వరస, బయటొక వరస, మధ్యలో చిల్లరాళ్లు కూరిన పొట్ట ఉంటాయి. మందం మీటరు దాటడం మామూలే. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు, మట్టీ లేదు. ప్రతి రాయీ కింద ఉన్న రెండు రాళ్ల అతుకు మీద కూర్చోవాలి. కాస్త కదిలితే వెనక నుంచి చిన్న రాతిచెక్క దూర్చి బిగించాలి.

అసలు విద్య గోడ ముగిసి కప్పు మొదలయ్యే చోట కనిపిస్తుంది. ఇంత బరువైన శంకువుకు కింద సెంట్రింగ్ చెక్క ఒక్కటీ పెట్టరు. ప్రతి వరసనూ కింది వరస కన్నా కాస్త లోపలికి జరిపి పేరుస్తారు. అలా లోపలికి పొడుచుకొచ్చిన రాయి ఎందుకు పడిపోదు? దాని తోక బరువు కింది వరస మీద ఉంటుంది. పైగా వరస గుండ్రంగా మూసుకోగానే రాళ్లన్నీ పక్కపక్కన బిగుసుకుంటాయి. లోపలికి రావాలంటే అన్నీ కలిసి ఇంకా చిన్న వలయంలో ఇమడాలి, అందుకు చోటు లేదు. అందుకే మూసుకున్న ప్రతి వరసా తనంతట తాను నిలబడుతుంది. పైకి పోయేకొద్దీ వలయం చిన్నదవుతుంది. చివరికి నడినెత్తిన మిగిలిన కన్నాన్ని ఒక రాయితో మూస్తారు. గదిలో నిలబడి తలెత్తి చూడండి: ఒక వరసలో ఎక్కడ రాయి మందం తగ్గిందో, పై వరసలో దాన్ని ఎలా సరిచేసుకున్నాడో, మేస్త్రీ ఆలోచన అంతా వలయం తర్వాత వలయంగా చదువుకోవచ్చు.

దాని మీద బయటి పొర. కియాంకరెల్లె అనే పలచని సున్నపురాతి పలకలు వరసలు వరసలుగా కొస దాకా సాగుతాయి. తాండూరు, బేతంచర్ల నాపరాళ్ల మధ్య పెరిగినవాళ్లకు పొరలుగా విడే ఈ రాయి స్వభావం కొత్తేమీ కాదు. పలకను సమమట్టంగా పరచరు, బయటి అంచు ఒక పిసరు కిందికి వాలేట్టు పెడతారు. ఆ వాలు వల్లే వాన చినుకు పలక నుంచి పలకకు జారి చూరు చేరుతుంది. చూరు నుంచి రాతి కాలువ దాన్ని ఇంటి కింది తొట్టిలోకి దింపుతుంది. అతుకుల్లో ఏ పూతా లేని కప్పు కారకుండా ఉండడం ఆ పిసరంత వాలు దయే. శంకువు కొసన గోళమో పళ్లెమో చెక్కిన శిఖరం పెడతారు. అది కట్టిన మేస్త్రీ గుర్తని చెబుతారు.

ఇంత మందం గోడల వల్ల వేసవిలో లోపల హాయిగా ఉంటుంది. చలికాలం అంత సుఖం కాదు. కిటికీలు చిన్నవి, వంట ఆవిరీ మనిషి ఊపిరీ గోడకు చెమ్మగా పడతాయి. మంచానికో పొయ్యికో గోడ మందంలోనే గూడు వదిలి ఉంటుంది. శంకువు లోపలి ఖాళీలో చెక్కలు పరిచి అటకలా వాడుకునేవారు.

సున్నం వాడకపోవడానికి అక్కడ ఒక కథ చెబుతారు. 17వ శతాబ్దంలో అల్బెరోబెల్లో ప్రాంతాన్ని ఏలిన కొన్వెర్సానో కౌంట్లు, నేపుల్స్ రాజుకు కొత్త ఊరి పన్ను కట్టకుండా ఉండడానికి, తనిఖీ వస్తే ఇట్టే కూల్చేలా ఇళ్లు కట్టించారని. 1797లో నేపుల్స్ రాజు ఫెర్దినాండ్ ఆ ఊరిని కౌంట్ల చేతి నుంచి విడిపించాడు. సున్నం వాడకూడదన్న కౌంట్ల ఆజ్ఞ నిజమే అయినా, ఈ పనితనానికి అదొక్కటే మూలమంటే నేను ఒప్పుకోను. కూల్చడానికే కట్టేవాడు పలక వాలు గురించి ఇంత శ్రద్ధ పెట్టడు. సున్నం లేకుండా రాయి పేర్చే విద్య మధ్యధరా తీరాల్లో చాలాచోట్ల ఉంది. 2018లో యునెస్కో ఇటలీతో సహా 8 దేశాల పేరిట దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. అల్బెరోబెల్లో ట్రుల్లోలకు 1996లోనే ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

ఇక కొనుగోలు. ముందు బయానా ఒప్పందం, తర్వాత నోటరీ ఎదుట రిజిస్ట్రేషన్. అక్కడి నోటరీ ప్రభుత్వాధికారి లాంటివాడు. బయానా ఇచ్చి మనం వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోతుంది, అమ్మేవాడు తగ్గితే రెట్టింపు తిరిగివ్వాలి. ఇంటి వాస్తవ రూపం భూమి రికార్డుల్లోని ప్లానుతో సరిపోవాలి. 2010 నుంచి ఆ మాట దస్తావేజులో లేకపోతే అది చెల్లదు. ఇంటితో పాటు పొలం ఉంటే, సాగు చేసుకుంటున్న పక్క పొలం యజమానికి ముందుగా కొనే హక్కు ఉండవచ్చు. అతనికి తెలియజేసి 30 రోజులు ఆగాలి. మన దేశంలో ఉంటూ కొనేవాళ్లకు, విదేశాలకు పంపే డబ్బు మీద ఏడాదికి తలకు 2,50,000 డాలర్ల రిజర్వు బ్యాంకు పరిమితి ఉంది.

కాగితాలకు సాయపడే మనిషి తేలిగ్గానే దొరుకుతాడు. శంకువు విప్పి మళ్లీ పేర్చగల మేస్త్రీని వెతకడమే అసలు పని. ఈ ఇంట్లో కప్పు చెడితే పలకలు తీసి, పగిలినవి మార్చి, పాత వాటినే తిరిగి వేయవచ్చు. జిగురు ఏదీ లేకపోవడంలోని లాభం అదే. అతుకుల్లో సిమెంట్ పూస్తే గోడ పీల్చుకున్న చెమ్మ బయటికి పోదు, రాయి పొరలు రాలుతాయి, పైగా పలకను పగలగొట్టకుండా తీయడం కష్టమవుతుంది. కొన్ని ట్రుల్లోలకు కప్పు మీదికి సన్నటి రాతి మెట్లుంటాయి. అవి ఉంటే, మేస్త్రీని వెంటబెట్టుకుని ఎక్కి చూడాలి. ఏ వరసలో పలకలు జారాయో, ఏ అతుకులో సిమెంట్ పడిందో పైన తెలుస్తుంది. కిందికి దిగి తొట్టి మూత తీయించాలి. వానపడ్డాక కూడా అందులో నీళ్లు లేకపోతే, చూరు దగ్గరి కాలువ ఎక్కడో మూసుకుపోయి ఉండొచ్చు, లేదా తొట్టి బీటవారి ఉండొచ్చు. ధర మాట్లాడాల్సింది ఆ రెండూ చూశాకే.