‘పేకాట’ నుంచి ‘రమ్మీ’ వరకు: ఆన్‌లైన్ ఆటల ప్రకటనలు, సముదాయ నియమాల భాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: డబ్బు పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటల ప్రకటనలకు, వేదికల నియమాలకు మధ్య ఉన్న భాషాపరమైన వైరుధ్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆహ్వానం ఆటగాడి సొంత భాషలో రాగా, బాధ్యత మాత్రం చట్టపరిభాషలో అతనికే బదిలీ అయిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పేకాట, రమ్మీ, నైపుణ్యం, ప్రకటన, వ్యసనం, బాధ్యత.

1. ఉపోద్ఘాతం

విశాఖ మన్యానికి ముఖద్వారమైన నర్సీపట్నం వంటి పట్టణంలో ఒకే ఆటకు రెండు పేర్లు వినిపిస్తాయి. దినపత్రిక జిల్లా పుటలో అది ‘పేకాట’. ఆడి పట్టుబడినవారు ‘పేకాటరాయుళ్లు’. సెల్‌ఫోన్ తెరపై ప్రకటనలో అదే ‘రమ్మీ’, ఆడేవారు ‘విజేతలు’. మొదటి పేరులో సంఘం తీర్పు ఉంది. రెండవ పేరు ఆ తీర్పును తుడిచివేస్తుంది. ప్రకటనల నియమాలు హెచ్చరిక పరిమాణాన్ని, నటుల వయస్సును పట్టించుకున్నాయి గాని, ఈ పేరుమార్పును పట్టించుకోలేదు.

2. ‘నైపుణ్యం’ అనే రక్షణకవచం

ఈ పేరుమార్పుకు న్యాయపరమైన ఆధారం తెలుగునేల నుంచే లభించింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం – కె. సత్యనారాయణ’ కేసులో (1968) సుప్రీంకోర్టు, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి కనుక రమ్మీలో నైపుణ్యానిదే ప్రధానపాత్ర అన్నది. అయితే ఆటపై యజమాని లాభం గడిస్తే నేరం కావచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. నైపుణ్యవాదం మొదటి భాగాన్ని ప్రచారం చేసి, రెండవ భాగాన్ని మరుగున పెట్టింది. ప్రతి పందెం నుంచి రుసుము తీసుకునే వేదికకు ఆ రెండవ భాగమే ఎక్కువగా వర్తించవలసిన ప్రశ్న. నైపుణ్యం ఉన్నంతమాత్రాన ఆట నిరపాయమైపోదని సభాపర్వంలోని ద్యూతం తెలుగు పాఠకునికి ఏనాడో చెప్పింది. అక్కడ నైపుణ్యం శకునిది, నష్టం ధర్మరాజుది.

3. ప్రకటన ఎవరిని ఉద్దేశించింది?

తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులోను పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. తెలుగు మాట్లాడేవారిలో అత్యధికులు ఈ రెండు రాష్ట్రాలవారే. కనుక నిషేధం తర్వాత కూడా తెలుగులో వెలువడిన ప్రకటన, ఆడే అర్హత లేనివారినే ప్రధానంగా ఆహ్వానించినట్లయింది. ‘ఈ రాష్ట్రాలవారు అనర్హులు’ అనే చిన్న అక్షరాల పంక్తి ఈ వైరుధ్యాన్ని పరిష్కరించదు. సంస్థకు రక్షణగా మాత్రం నిలుస్తుంది.

భారత ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలు 2020 డిసెంబరు 15 నుంచి అమలులోకి వచ్చాయి. 18 ఏళ్లలోపువారిని ఆడుతున్నట్లు చూపరాదు. ఆటను ఉపాధిగా వర్ణించరాదు. ముద్రిత ప్రకటనలో 20 శాతం స్థలం హెచ్చరికకు కేటాయించాలి. అది ప్రకటన భాషలోనే ఉండాలి. ఈ చివరి నియమం విలువైనది. కాని ఆ హెచ్చరిక సారాంశం ఏమిటి? ఆర్థికనష్టం కలగవచ్చు, వ్యసనం కావచ్చు, బాధ్యతతో ఆడండి. జూదాన్ని సప్తవ్యసనాలలో చేర్చిన సంప్రదాయంలో ‘వ్యసనం’ తీవ్రమైన మాట. దాని పక్కనే ‘ఆడండి’ అనే క్రియ చేరడంతో నివారణ ఆహ్వానంగా మారిపోతుంది. వ్యసనపరుడు కోల్పోయేది బాధ్యతాయుతంగా ఆగగల శక్తినే. ఆ శక్తినే అతని నుంచి హెచ్చరిక కోరుతుంది.

4. సముదాయం లేని సముదాయ నియమాలు

ఇటువంటి వేదికల నియమావళిలో సాధారణంగా కనిపించేవి: ఒక్కరికి ఒక్క ఖాతా, కుమ్మక్కు నిషేధం, మర్యాదగా సంభాషించడం, ఖాతాను మూసివేసే అధికారం సంస్థకు ఉండటం. ఇవి అవసరమైనవే. అయితే వీటిలో దోషి కాగలవాడు ఆటగాడు మాత్రమే, తీర్పరి వేదిక. అరుగు మీది పేకాటలో ఓడినవాని ముఖం పక్కవారికి కనిపిస్తుంది. ‘ఇక చాలు, లే’ అనే మనిషి ఉంటాడు. ఇంటినుంచి పిలుపు వస్తుంది. తెరపై ఆ మనిషి స్థానంలో ఆటగాడు తానే పెట్టుకోవలసిన పరిమితి మిగులుతుంది. అపరిచితుల బల్లను ‘సముదాయం’ అనడం కూడా పేరుమార్పే.

5. ముగింపు

2025 మార్చిలో తెలంగాణ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై పలువురు నటులపై, సామాజిక మాధ్యమ ప్రముఖులపై కేసులు నమోదు చేయడంతో ఆహ్వానించినవారి బాధ్యత చర్చకు వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా డబ్బు ఆటలను నిషేధించింది. ప్రకటనకు రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా నిర్దేశించింది. ఈ చట్టం ‘నైపుణ్యం’ అనే మాటకు ఉన్న కవచాన్ని తొలగించి, బాధ్యతను ఆడినవాని నుంచి ఆడించినవాని వైపు మళ్లించింది. అయినా కొత్త పేరుతో పాత ఆట మళ్లీ రావచ్చు. నర్సీపట్నం పాఠకునికి అప్పుడు ఉపకరించేది చిన్న అక్షరాల హెచ్చరిక కాదు. ఏ పేరుతో వచ్చినా పేకాటను పేకాటగా గుర్తించే తన భాషాస్మృతి.