బల్ల దగ్గరి కోపం ఎవరి సమస్య?

నల్లపిల్లలంతా భోజనాల దగ్గర ఒకే బల్ల చుట్టూ ఎందుకు చేరతారు? అమెరికా బడుల్లో తరచూ వినబడే ఈ ప్రశ్ననే బెవర్లీ డేనియల్ టేటమ్ 1997లో తన పుస్తకానికి పేరుగా పెట్టింది. యూనివర్సిటీ మెస్‌లో మమ్మల్నీ ఇట్లాగే అడిగారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. జవాబు తోచక ప్లేటు పట్టుకుని వేరే బల్లకి పోయాను. ఆ సిగ్గు నాది కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

టేటమ్‌కి ఆధారం విలియం క్రాస్ సిద్ధాంతం. 1971లో అది 'బ్లాక్ వరల్డ్' పత్రికలో అచ్చయింది. నల్లమనిషి తన నల్లదనాన్ని గుర్తించే దారిని క్రాస్ ఐదు దశలుగా చెప్పాడు. మొదట తెల్లలోకం కొలతలే తన కొలతలు. తర్వాత ఒక దెబ్బ. దీన్ని క్రాస్ 'ఎన్‌కౌంటర్' అన్నాడు. తెలుగులో ఆ మాటకి తుపాకీ వాసనుంది గనక నేను 'తాకిడి' అంటాను. మూడోది నల్లదనంలో మునిగి తేలడం: నల్లదంతా గొప్ప, తెల్లదంతా చెడ్డ. నాలుగో దశలో ఆ కోపం కుదుటపడి లోపలి నమ్మకమవుతుంది. అయిదో దశలో ఆ నమ్మకం జనం కోసం చేసే పనవుతుంది.

కోపాన్ని జబ్బు అనకపోవడమే ఈ సిద్ధాంతం బలం. టీచరు మాట గుచ్చుకుందని తెల్ల స్నేహితురాలికి చెబితే, ఆయన మంచోడు, నువ్వే అపార్థం చేసుకున్నావంటుంది. బల్ల దగ్గరివాళ్లకి అంత వివరించక్కర్లేదు. బోస్టన్ నుంచి బస్సుల్లో శివారు బడికెళ్లే నల్లపిల్లల్ని రోజూ కాసేపు ఒకచోట కూర్చోనిస్తే చదువు మెరుగుపడిందని టేటమ్ రాసింది.

క్రాస్ తన్ను తాను దిద్దుకున్నాడు కూడా. కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతుల బొమ్మల పరీక్షలో చాలామంది నల్లపిల్లలు తెల్లబొమ్మనే మెచ్చారు. 1954 నాటి బ్రౌన్ తీర్పు క్లార్క్ పరిశోధనని ఉదహరించింది. అయితే తెల్లబొమ్మ ఎంచుకున్నంత మాత్రాన ఆ పిల్ల తన్ను తాను అసహ్యించుకున్నట్టు కాదని 1991లో క్రాస్ వాదించాడు. ప్రతి నల్లపిల్లలో గాయాన్ని వెతికే టీచర్లు ఇది చదవాలి.

నా పేచీ వేరే. ఈ దశలు పుట్టింది 1960ల ఉద్యమంలో. కౌన్సెలింగ్ గదిలోకొచ్చేసరికి నిచ్చెన మిగిలింది, ఉద్యమం పోయింది. 'వాడింకా మూడో దశలోనే ఉన్నాడు, దాటేస్తాడు' అంటే చాలు, వాడి ఫిర్యాదు చదవక్కర్లేదు! టేటమ్ జాత్యహంకారాన్ని వ్యవస్థ అనే చెప్పింది, తెల్లవాళ్ల దశల గురించీ రాసింది. నిజమే. కానీ నిచ్చెన ఎక్కాల్సింది మనుషులే. దెబ్బకొట్టిన బడికి ఏ దశా లేదు.

పైగా బడి వెనక్కీ నడవగలదు. 2023లో టెక్సాస్ చేసిన చట్టం 2024 జనవరి 1న అమల్లోకొచ్చింది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైవిధ్య కార్యాలయాలు పోయాయి. ఆస్టిన్‌లో విద్యార్థులు కూడుకునే మల్టీకల్చరల్ ఎంగేజ్‌మెంట్ సెంటర్ మూతపడింది. పిల్లలు ఏ దశలో ఉంటేనేం, కూర్చునే చోటే లేకపోయాక?

1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ నల్లవాళ్ల నుంచి పేరొక్కటే కాదు, పోరాటాన్నీ తెచ్చుకుంది. మనం క్రాస్‌ని తెచ్చుకున్నా అట్లాగే తెచ్చుకోవాలి. టీచర్లూ, పిల్లవాడి దశ లెక్కపెట్టే ముందు వాడికి తగిలిన దెబ్బ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. వాళ్ల బల్లని వాళ్లకుంచండి. వాళ్ల ఫిర్యాదు చదవండి.