అట్టముక్కల మీద ఆకాశయుద్ధం

మధ్యాహ్నం భోజన విరామంలో మా కళాశాల వసారాలో నలుగురైదుగురు విద్యార్థులు చేరి రోజూ ఒక యుద్ధం చేస్తూ ఉంటారు. వారి ఆయుధాలు అట్టముక్కలు. ఒక్కొక్క అట్టమీద రెండవ ప్రపంచ యుద్ధంనాటి ఒక ఫైటరు విమానం బొమ్మ, దాని కింద గరిష్ఠ వేగం, ఎగరగల దూరం, ఇంజను శక్తి, తుపాకుల సంఖ్య ఉంటాయి. ఒకడు "వేగం" అని పిలుస్తాడు. ఇద్దరూ ముక్కలు దించుతారు. పెద్ద అంకె ఉన్నవాడు ఎదుటివాడి ముక్కను పట్టుకొనిపోతాడు. ట్రంపు కార్డులనే పేరుతో చిన్నతనంలో మేమూ ఆడిన ఆటే ఇది. ఇప్పటివారు ఇదే యుద్ధాన్ని చేతిఫోనులోనూ ఆడుతున్నారు గాని, వాదం మాత్రం మారలేదు: జపాను వారి జీరో గొప్పదా, ఆంగ్లేయుల స్పిట్‌ఫైరు గొప్పదా?

ఈ వాదం చాలావరకు వేళాకోళం. "మీ స్పిట్‌ఫైరు కాకినాడ దాకా వస్తే తిరిగి వెళ్ళడానికి పెట్రోలు మనమే పోయించాలి" అని ఒకడంటాడు. "మీ జీరోకు తుపాకి దేనికి? అగ్గిపుల్ల చూపిస్తే చాలు" అని రెండోవాడు. సంక్రాంతినాడు మా గోదావరి సీమలో డేగ గెలుస్తుందా, నెమలి గెలుస్తుందా అని కుక్కుటశాస్త్రం విప్పుకొని కూర్చునేవారి ధోరణికీ దీనికీ పెద్ద తేడా లేదు. పందెం నిషిద్ధమైనదే, అయినా ఆ పందెగాళ్ళ పక్షాన ఒక మాట చెప్పాలి. వారు జోడీ కట్టేముందు రెండు పుంజులనూ చేత్తో ఎత్తి బరువు చూస్తారు. మన విమాన పండితులు అదీ చూడరు.

ముందుగా వేగం సంగతి తీసుకొందాం. 1942 నాటి జీరో గరిష్ఠ వేగం గంటకు సుమారు 530 కిలోమీటర్లు. అదే కాలపు స్పిట్‌ఫైరు అయిదవ రకానిది సుమారు 595. అట్టమీది అంకె ఇంతే చెబుతుంది. కాని జీరోకు ఆ వేగం దాదాపు నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున వస్తుంది, స్పిట్‌ఫైరుకు దాదాపు ఆరువేల మీటర్ల ఎత్తున. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలచబడుతుంది. గాలి నిరోధం తగ్గుతుంది, ఇంజను పీల్చే ప్రాణవాయువూ తగ్గుతుంది. ఈ రెండింటి బేరం ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క ఎత్తున కుదురుతుంది. ఎత్తు చెప్పని వేగం, తేదీ వేయని పంచాంగం వంటిది. దూరం విషయం మరీ అన్యాయం. జీరోకు మూడువేల కిలోమీటర్లు అని అచ్చువేసిన అంకె, పొట్టకింద అదనపు పెట్రోలు తొట్టి తగిలించినప్పటిది. స్పిట్‌ఫైరుకు వేసిన ఏడెనిమిది వందలు తొట్టి లేనప్పటిది.

ఇక అందరూ ఒప్పుకొనే మాట ఒకటున్నది: మలుపు తిరగడంలో జీరోను మించినది లేదని. ఇది ఎందుకు నిజమో పదవ తరగతి గణితంతో తేల్చవచ్చు. మలుపు తిరిగే విమానం పక్కకు వాలుతుంది. రెక్కలు పుట్టించే ఊర్ధ్వబలం అప్పుడు పక్కకు లాగి అభికేంద్ర బలంగా పనిచేస్తుంది. బాగా నిటారుగా వాలిన విమానానికి ఆ బలమంతా మలుపుకే పోతున్నదని స్థూలంగా అనుకొందాం. అభికేంద్ర బలం ద్రవ్యరాశికీ వేగవర్గానికీ అనులోమంగా, వ్యాసార్థానికి విలోమంగా ఉంటుంది. రెక్క ఇవ్వగల గరిష్ఠ బలం రెక్క వైశాల్యానికీ వేగవర్గానికీ అనులోమంగా ఉంటుంది. రెండింటినీ సమానం చేస్తే వేగవర్గం రెండు పక్కలా కొట్టుకొనిపోతుంది. మిగిలేది: వ్యాసార్థం, బరువును రెక్క వైశాల్యంతో భాగించిన ఫలానికి అనులోమం.

రెండు విమానాల రెక్క వైశాల్యమూ దాదాపు 22.5 చదరపు మీటర్లే. జీరో బరువు సుమారు 2,400 కిలోలు, స్పిట్‌ఫైరు బరువు సుమారు 2,950. చదరపు మీటరుకు ఒకదానికి 107 కిలోలు, రెండవదానికి 131. రెక్కల ఆకృతిలోని భేదాన్ని పక్కన పెడితే, జీరో నూరు మీటర్ల వ్యాసార్థంతో తిరిగేచోట స్పిట్‌ఫైరుకు నూటయిరవై రెండు కావాలి. ఈ ఒడుపుకు జీరో చెల్లించిన వెల ఏమిటో రెండో కుర్రవాడి అగ్గిపుల్ల చెబుతూనే ఉన్నది. బరువు తగ్గించడానికి పైలటు వెనుక ఉక్కు పలక మానుకొన్నారు. గుండు తగిలితే తనంత తానే పూడుకొనే రబ్బరు పొర పెట్రోలు తొట్టికి వేయలేదు. దూరం గురించిన వేళాకోళమూ మంట గురించిన వేళాకోళమూ ఒకే నాణెం మీది బొమ్మాబొరుసూ అని మా వాదులకు తోచలేదు.

అయితే పై లెక్కకు ఒక హద్దు ఉన్నది. వేగం బాగా పెరిగితే రెక్క ఇవ్వగల బలాన్ని విమానపు చట్రమూ, లోపలి మనిషీ భరించలేరు. అక్కడ వ్యాసార్థాన్ని నిర్ణయించేది రెక్క కాదు, ఓర్పు. "ఏది బాగా తిరుగుతుంది" అన్న ప్రశ్నకు "ఎంత వేగంలో" అన్న ఎదురుప్రశ్నే సరైన జవాబు. యుద్ధకాలంలో ఈ సంగతి తేలిన తీరుకు మా ప్రాంతంతో ఒక చుట్టరికం ఉన్నది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద దాడి చేశాయి. కాకినాడ మా పిఠాపురానికి ఇరవై కిలోమీటర్ల లోపే. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు వయస్సులు లెక్కకట్టేటప్పుడు "బాంబులు పడిన ఏడు" అనేవారు. ఆ విమానాలను పంపిన వాహక నౌక పేరు ర్యూజో. రెండు నెలలు తిరగకుండానే, జూన్ 4న, అదే నౌక అలాస్కా తీరంలోని డచ్ హార్బరు మీదికి తన విమానాలను పంపింది. వాటిలో కోగా తదయోషి అనే యువకుడు నడిపిన జీరోకు కిందినుంచి గుండు తగిలి చమురు కారిపోయింది. అకుటాన్ అనే దీవిలో పచ్చికబయలని భ్రమించి అతడు చిత్తడి నేలమీద దిగాడు. చక్రాలు కూరుకుపోయి విమానం తలకిందులైంది, అతడు మరణించాడు. అతడు బతికి ఉన్నాడేమోనని తోటివారు విమానాన్ని కాల్చివేయకుండా వెళ్ళిపోయారు. జూలైలో అమెరికనులు దాన్ని కనుగొని, శాన్ డియేగోకు చేర్చి, బాగుచేసి, సెప్టెంబరులో ఎగురవేశారు.

అప్పటిదాకా జీరో గురించి పైలట్లు చెప్పుకొన్నవి కూడా ఒక విధంగా మా వసారా కబుర్ల వంటివే. ఇప్పుడు కొలతలు వచ్చాయి. గంటకు 370 కిలోమీటర్లు దాటితే రెక్కల చివర ఉండి విమానాన్ని పక్కకు దొర్లించే పలకలు రాయిలా బిగుసుకొనిపోతున్నాయి. కారణం తెలిసినదే: గాలి వత్తిడి వేగవర్గాన్నిబట్టి పెరుగుతుంది గనుక, వేగం రెట్టింపైతే పైలటు చేతిమీద పడే భారం నాలుగింతలవుతుంది. కుడికన్న ఎడమకు సులువుగా దొర్లుతున్నది. ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే ఇంజను ఆగుతున్నది, ఎందుకంటే కార్బ్యురేటరులోని పెట్రోలు పైకి ఎగిరిపోతున్నది. వేగంగా దూకు, కుడికి దొర్లు, నెమ్మదిగా తిరిగే పోటీలోకి దిగకు అన్న సలహా ఈ కొలతలలోనుంచి వచ్చింది. స్పిట్‌ఫైరు పక్షంవారు ఇక్కడ చప్పట్లు కొట్టనవసరం లేదు. 1940లో స్పిట్‌ఫైరు ఇంజనుకూ సరిగ్గా ఇదే జబ్బు ఉండేది. మరుసటి సంవత్సరం బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు సన్నని రంధ్రంగల చిన్న లోహపు బిళ్ళతో దానికి ఉపశమనం కలిగించింది.

పైలట్ల విషయంలో వాదం ఇంకా పలచన. జర్మను పైలటు హార్ట్‌మన్ కూల్చిన విమానాలు 352, అమెరికను బాంగ్ కూల్చినవి 40. కనుక మొదటివాడు దాదాపు తొమ్మిదింతలు గొప్పవాడట! భాజకం లేకుండా భాగహారం చేయడమంటే ఇదే. హార్ట్‌మన్ సుమారు 1,400 సార్లు యుద్ధానికి ఎగిరాడు, బాంగ్ రెండువందల పైచిలుకు సార్లు. లెక్కవేస్తే నాలుగు ప్రయాణాలకు ఒకటి, అయిదింటికి ఒకటి. జర్మనులు చచ్చేదాకానో యుద్ధం ముగిసేదాకానో ఎగిరేవారు; అమెరికనులు పేరుపొందినవారిని ఇంటికి పిలిపించుకొనేవారు. మన దేశంవాడు ఇంద్రలాల్ రాయ్ 1918 జూలై 6 నుంచి 19 వరకు, పద్నాలుగు రోజులలో పది విజయాలు సాధించాడు. "ఆ లెక్కన ఏడాదికి 260, సార్!" అని ఒక విద్యార్థి గుణించి చూపాడు. జూలై 22న అతడు పందొమ్మిదేళ్ళ వయస్సులో మరణించాడని చెప్పాను. ఆ మధ్యాహ్నం తరువాతి ముక్క ఎవరూ దించలేదు.

వారి వాదంలో చరిత్ర దోషం కూడా ఒకటి ఉన్నది. కాకినాడ మీదికి వచ్చినవి జీరోలని వారి నమ్మకం. ర్యూజో నుంచి వచ్చి ఇక్కడ బాంబులు వేసినవి నకజిమా కర్మాగారం తయారుచేసిన బి5ఎన్ రకం బాంబరులు. ఒక ఇంజను, ముగ్గురు మనుషులు, గరిష్ఠ వేగం గంటకు సుమారు 380 కిలోమీటర్లు. ఫైటరు కాదు గనుక కట్టలో దాని ముక్క లేదు. ఈ మాట విని వాదులే ఒక పెళ్ళి శుభలేఖ అట్టను కత్తిరించి, బొమ్మ గీసి, అంకెలు వేసి ఆ ముక్కను తయారుచేశారు. "ఎత్తు" అని ఒక గడి కూడా చేర్చారు. వేగం పిలిచినా ఓడుతున్నది, తుపాకులు పిలిచినా ఓడుతున్నది. "మరి ఇది ఆ రోజు ఎలా గెలిచింది సార్?" అని అడిగారు. ఆనాడు కాకినాడ ఆకాశంలో దాని మీదికి దించడానికి మన పక్షాన ముక్కే లేదు.