కాలినడకన కెమెరా

చెరువు గట్టు మీద మనిషి అడుగు పడగానే ముందుగా అరిచేది తీతువు. ఆ అరుపుకు కొంగలు మెడలెత్తుతాయి, బాతులు నడిచెరువుకు జరుగుతాయి. కొండ అడవిలో ఆ కాపలా కొండముచ్చులది. చిటారు కొమ్మన కూర్చున్న ఒక్క కొండముచ్చు గొంతు చించుకుని దగ్గినట్టు అరిచిందంటే, కింద మేస్తున్న దుప్పులన్నీ ఒకే దిక్కుకు చెవులు రిక్కిస్తాయి. కెమెరా భుజాన వేసుకుని అడవిబాట పట్టినవాళ్లు జంతువు కోసం వెతకడం మొదలుపెట్టేసరికే అడవి వాళ్లను చూసేసి ఉంటుంది. సఫారీ జీపులోంచి తీసే ఫొటోకీ, నడిచి వెళ్లి తీసే ఫొటోకీ అసలు తేడా ఇక్కడే వస్తుంది. రోజూ జీపులు తిరిగే చోట జంతువులు వాటికి అలవాటు పడిపోతాయి. రెండు కాళ్ల మీద నడిచొచ్చే మనిషి మాత్రం వాటి లెక్కలో ఇప్పటికీ వేటగాడే. ఆ బెదురు పెంచకుండా, జంతువు తన పని తాను చేసుకుంటుండగా దాన్ని ఫొటో తీసి, వచ్చిన దారినే వెనక్కి మళ్లడంలోనే ఈ విద్యలోని పనితనమంతా ఉంది.

దీనికి నూట ముప్ఫై ఏళ్ల చరిత్ర ఉంది. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు 1895లో పక్షి గూళ్ల ఫొటోలతో పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత, పిట్టలు బెదరకుండా ఉండాలని, లోపల బోలుగా చేసిన ఎద్దు బొమ్మలో దాక్కుని మరీ ఫొటోలు తీశారు. మన దేశంలో పులిని కెమెరాకు చిక్కించిన తొలి మనిషిగా ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ పేరు చెబుతారు. ఆయన అటవీ అధికారి. రాత్రిపూట పులి నడిచే బాటకు అడ్డంగా సన్నటి తీగ కట్టేవారు. పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగి, దాని ఫొటో అదే పడేది. ఆ ఫొటోలతో 1927లో పుస్తకం వచ్చింది. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవని ఆ బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే తేటతెల్లమైంది. ఈనాడు కెమెరా ట్రాపులతో పులులను లెక్కించే పద్ధతికి ఆధారం ఆ చారలే. అయితే చాంపియన్ కెమెరా ఎంత గొప్పదైనా, తీగ ఎక్కడ కట్టాలో దానికి తెలియదు. పాదముద్రలు చూసుకుంటూ బాటల వెంట తిరిగిన మనిషికే అది తెలుస్తుంది.

చాంపియన్ తర్వాత తప్పక చెప్పుకోవలసిన పేరు మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్. 1950 నుంచి 1996లో కన్నుమూసేదాకా ఆయన స్టేట్స్‌మన్ పత్రికకు ప్రకృతి మీద కాలమ్ రాశారు. రకరకాల కెమెరాల భాగాలు తెచ్చి, బిగించి, తన పనికి తగ్గ కెమెరాను తానే తయారుచేసుకున్నారు. నలుపు తెలుపులోనే ఫొటోలు తీశారు. దక్షిణాది అడవుల్లో ఏనుగులు, అడవిదున్నలు, దుప్పులు ఎక్కడ మేస్తాయో, గుంపులో ఒకదానితో ఒకటి ఎలా మెలగుతాయో చూసి, ఆ చూసినదానికి రుజువుగా ఫొటో తీసేవారు. ముఖమొక్కటే ఫ్రేము నిండా నింపుకోవాలన్న యావ ఆ బొమ్మల్లో కనిపించదు. జంతువుతో పాటు అది నిలబడ్డ పొద, తింటున్న కొమ్మ, పక్కనున్న పిల్ల కూడా ఉంటాయి.

నడిచేవాడికి సామాను బరువే మొదటి సమస్య. పేరున్న 600 ఎంఎం ఎఫ్/4 లెన్స్ ఒక్కటే మూడు కిలోలు తూగుతుంది. దాన్ని మోస్తూ కొండెక్కినవాడికి పిట్ట కనిపించే వేళకు చేతులు వణుకుతుంటాయి. అందుకే కాలినడకన తిరిగేవాళ్లలో చాలామంది కిలోన్నర బరువుండే 100-400 జూమ్‌తో సరిపెట్టుకుంటారు. చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరాకు తగిలిస్తే అదే 600 ఎంఎం లెన్స్ అంత దగ్గరగా చూపిస్తుంది. అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు నికాన్ పీ900 లాంటి సూపర్‌జూమ్ కెమెరాలు ఉన్నాయి. 2015లో వచ్చిన ఈ కెమెరాకు 83 రెట్ల జూమ్ ఉంది. పక్షిని గుర్తుపట్టడానికి అది చాలు.

సెట్టింగుల విషయానికొస్తే, చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ లెన్స్ ఫోకల్ లెంగ్త్ అంకెకు తగ్గకూడదు. 400 ఎంఎంకు సెకనులో 400వ వంతన్నమాట. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకునే ఆపుతుంది కానీ పిట్ట కదలికను ఆపలేదు. కాబట్టి కొమ్మ మీద తల తిప్పుతున్న పిట్టకు వెయ్యో వంతు, ఎగిరేదానికి రెండువేలో వంతు పెట్టి, ఐఎస్ఓను ఆటోకు వదిలేయడం మేలు. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే ఉండాలి.

కొత్తవాళ్లకు బాగా తికమకపెట్టేది ఎక్స్‌పోజర్. కెమెరా తన ముందున్న ప్రతి దృశ్యాన్నీ సగటు బూడిదరంగుగా లెక్కేసుకుంటుంది. నీడలో నల్లగా ఉన్న నీటి మీద తెల్లకొంగ నిలబడితే, దృశ్యమంతా చీకటని పొరబడి వెలుతురు పెంచేస్తుంది. దాంతో కొంగ ఈకల గీతలన్నీ చెరిగిపోయి సున్నం పూసినట్టు అవుతుంది. అక్కడ ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ దాకా తగ్గించుకోవాలి. గేదె వీపు మీద, వెనక ఆకాశం తెల్లగా ఉండగా కూర్చున్న పసులపోలిగాడి విషయంలో దీనికి పూర్తిగా తలకిందులు. పెంచకపోతే ఆ పిట్ట నల్లటి మరకలా మిగులుతుంది. ఎండ ముదిరాక వచ్చే చిక్కు వేరు. నేల మీంచి లేచే వేడిగాలి దూరపు దృశ్యాన్ని అలలు అలలుగా ఊగిస్తుంది. ఆ పూట ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా బొమ్మ మసకే. పొద్దు పొడిచాక రెండు గంటలు, పొద్దు గూకే ముందు రెండు గంటలు బాట మీద ఉండాలనడానికి వెలుతురుతో పాటు ఇదీ ఒక కారణం.

ఇక దగ్గరికి వెళ్లడం. నేరుగా నడిచొచ్చే మనిషిని ఏ జీవీ భరించదు. ఏటవాలుగా, వేరే ఎటో వెళ్తున్నట్టుగా నడవాలి. నాలుగడుగులు వేసి ఆగాలి. కళ్లలో కళ్లు పెట్టి చూడకూడదు. బురదలో ముక్కు గుచ్చుకుంటూ తిరిగే ఉల్లంకి పిట్టల కోసమైతే గట్టున బోర్లా పడుకోవడమే మంచిది. మనిషి ఆకారం తగ్గుతుంది, కెమెరా పిట్ట కంటి ఎత్తుకు దిగుతుంది, కాసేపటికి పిట్టలే దగ్గరికొస్తాయి. దుప్పులు, కణితుల దగ్గర గాలి వాటం కూడా చూసుకోవాలి. మన మీంచి అటు వీచే గాలి మనకంటే ముందే వెళ్లి మన రాక చెప్పేస్తుంది. కృష్ణజింక బయలు మైదానపు జంతువు కాబట్టి కంటిచూపునే నమ్ముకుంటుంది. వెనకటి వేటగాళ్లు ఎద్దుబండి పక్కన నక్కి దాన్ని సమీపించేవారు. రోజూ చూసే బండికి బెదరని జింక ఒంటరి మనిషిని చూస్తే ఆగదు.

ఎక్కడ ఆగాలో జంతువే చెబుతుంది. మేస్తున్నది మేత ఆపి తలెత్తిందంటే మొదటి హెచ్చరిక. పిట్ట ఒళ్లు బిగబట్టి, మెడ సాచి, ముందుకు వంగి రెట్ట వేసిందంటే ఎగరబోతోందని అర్థం. మొదటి హెచ్చరికకే ఆగిపోయినవాళ్లకు జంతువు మళ్లీ మేతలో పడటం కనిపిస్తుంది, మంచి ఫొటోలూ అప్పుడే దొరుకుతాయి.

ఈ నిగ్రహం ఎందుకు కావాలో తీతువు గూడు చూస్తే తెలుస్తుంది. అసలు దాన్ని గూడనడానికి కూడా లేదు. ఎండిన చెరువు నేల మీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, మేక పెంటికలు. అందులో నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలతో, పక్కనే నిలబడి చూసినా రాళ్లలాగే ఉంటాయి. వేసవి ఎండలో తల్లి వాటి మీద కూర్చునేది వెచ్చదనం కోసం కాదు, నీడ కోసం. నీళ్లకు వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. మంచి ఫొటో కోసమని మనిషి అక్కడే తచ్చాడితే తల్లి గూటికి రాదు, గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. పైగా కాకులు మనిషి ఎక్కడ ఆగాడో గమనిస్తాయి, కుక్కలు అతని వాసన పట్టుకుని వస్తాయి. తీతువు తల మీదుగా అరుస్తూ తిరుగుతున్నా, రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తున్నా గూడు దగ్గర్లోనే ఉందని అర్థం. కింద చూసుకుంటూ వెనక్కి వచ్చేయాలి. ఫోన్‌లో పిట్ట కూత వినిపించి రప్పించడం, ఎర వేయడం, గుడ్లగూబ కళ్లలోకి ఫ్లాష్ కొట్టడం కూడా ఈ కోవలోవే. కూత విన్న మగపిట్ట తన జాగాలోకి శత్రువు వచ్చాడనుకుని, మేత మాని పోరుకు సిద్ధమవుతుంది.

నడకకు హద్దులూ ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి అటవీశాఖ అనుమతి ఉండాలి. పులుల అభయారణ్యాల లోపలి భాగాల్లో సొంతంగా నడవడానికి వీల్లేదు. నల్లమలలో అటవీశాఖ దగ్గర కాపలాదారులుగా పనిచేసే చెంచులకు ఆ అడవి కొట్టిన పిండి. అడుగుజాడ నిన్నటిదా, ఈ తెల్లవారుజామునదా అన్నది దాని అంచు చూసి చెబుతారు. అక్కడ నడిచేవాళ్లకు పులి కంటే ఎలుగుబంటితోనే ఎక్కువ ప్రమాదం. చెదపుట్ట తవ్వుకునే పనిలో అది పరిసరాలు మరిచిపోతుంది, మనిషి ఉన్నట్టుండి ఎదురుపడితే పైకి దూకుతుంది. రాళ్లగుట్టల దారుల్లో చప్పుడు చేయకుండా నడవడం కంటే నలుగురూ మాట్లాడుకుంటూ నడవడమే క్షేమం. కొండముచ్చులూ దుప్పులూ ఆపకుండా ఒకే దిక్కుకు అరుస్తుంటే దగ్గర్లో చిరుతో పులో ఉన్నట్టే. నడిచేవాళ్లు అక్కడి నుంచే తిరుగుముఖం పట్టాలి.

ఇంత ఓర్పుతో తీసిన బొమ్మకు గోడకు తగిలించుకునే అందాన్ని మించిన విలువ ఉందని కలివికోడి కథ చెబుతుంది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో ఐతన్న అనే స్థానిక వేటగాడి చేతికి, రాత్రివేళ దీపం వెలుగులో చిక్కింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అక్కడ వెతుకుతున్న భరత్ భూషణ్ దాన్ని గుర్తించారు. దాని కోసం లంకమల్ల అభయారణ్యం ఏర్పడింది. అది బతికే పొదలను కాపాడటానికి తెలుగుగంగ కాలువ దారి మార్చవలసి వచ్చింది. ఆ తర్వాత పరిశోధకులు పొదల మధ్య మట్టిని మెత్తగా చదును చేసి అడుగుజాడలు పట్టారు, పక్కనే కెమెరాలు అమర్చారు. రాత్రిపూట తిరిగే ఆ పక్షి ఎక్కడెక్కడ ఉందో జాడలూ ఫొటోలూ కలిసి చెప్పాయి.

మామూలు పిట్టల ఫొటోలకూ అలాంటి పనే ఉంది. తేదీ, ఊరు, ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి అనే నాలుగు ముక్కలు రాసి ఈబర్డ్, ఐనేచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్లలో పెడితే ఆ బొమ్మ ఒక నమోదు అవుతుంది. అరుదైన జీవులైతే కచ్చితమైన చోటు బయటపెట్టకూడదు. వేటగాళ్లూ అవే పేజీలు చూస్తారు. 2023లో వెలువడిన దేశ పక్షుల స్థితి నివేదిక, ముప్ఫై వేల మందికి పైగా పక్షి ప్రేమికులు ఈబర్డ్‌లో రాసిన మూడు కోట్ల పరిశీలనల మీద ఆధారపడి తయారైంది. 942 జాతులను పరిశీలించిన ఆ నివేదిక, సంఖ్య తగ్గిపోతున్న పక్షుల్లో పాలపిట్టను కూడా చేర్చింది. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. కరెంటు తీగల మీద ఎప్పుడూ ఉండేదే కదా అని చాలామంది దాని వైపు కెమెరా ఎత్తరు. దసరానాడు దాన్ని చూస్తే శుభమన్న నమ్మకంతో పట్టి పంజరంలో పెట్టి తిప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, చట్టప్రకారం అది నేరమైనా. పండగ పూట ఊరి పొలిమేర దాకా నడిచి, తీగ మీద తన ఇష్టానికి తాను కూర్చున్న పాలపిట్టను ఫొటో తీసి, తేదీ, ఊరు పేరు రాసి నమోదు చేయవచ్చు. పంజరంలోని పిట్టను చూపించి డబ్బులడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకపోవడం, వీలైతే అటవీశాఖకు కబురు చేయడం కూడా కెమెరా పట్టినవాళ్లు చేయగల పనే.