గంటల్లో లెక్కపెట్టే వయసు

స్కాచ్ సీసా మీద 12 అని ఉంటే పన్నెండేళ్ళు పీపాలో ఊరిందని అర్థం. 18 అని ఉంటే ధర రెండింతలు, మర్యాద మూడింతలు. ఏలూరు నుంచి మాదేపల్లి మీదుగా కొల్లేటికి పోయే దారిలో, చేపల చెరువు గట్టున తాటిచెట్టు కింద గొంతుక్కూర్చుని తాగే సరుక్కీ వయసుంది. కాకపోతే దాన్ని గంటల్లో లెక్కపెట్టాలి. చెట్టు దిగి అరగంటయిందా, నాలుగు గంటలయిందా, పొద్దు వాలిందా అన్నదాన్నిబట్టి ఒకే లొట్టిలో మూడు వేరువేరు పానీయాలుంటాయి. ఒకసారి తాగి ముఖం చిట్లించి "కల్లు మనకి పడదండీ" అనేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళు తాగింది మధ్యాహ్నం మూడింటి కల్లని వాళ్ళకెవరూ చెప్పి ఉండరు.

ఈ ఆలోచన నాకు పుట్టించింది మా బాబాయి కొడుకు. డల్లాస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక సింగిల్ మాల్ట్ సీసా, దాంతోపాటు నడుం సన్నగా ఉన్న రెండు గాజు గ్లాసులు తెస్తాడు. బొడ్డు లావుగా, మూతి ఇరుగ్గా ఉండే ఆ గ్లాసు వాసనని పోనివ్వదట. ముందు రంగు చూడాలి, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకోవాలి, ఆ తర్వాత ఒక గుక్క నోట్లో తిప్పాలి, మింగాక గొంతులో ఎంతసేపు నిలిచిందో గమనించాలి. ఇలా రుచి చూసి మార్కులేసే అలవాటుని జనంలోకి తెచ్చినవాళ్ళలో ఒకాయన పేరు మైకేల్ జాక్సన్ (పాటగాడు కాదు, ఇంగ్లండు పత్రికా రచయిత). 1989లో మాల్ట్ విస్కీల మీద పుస్తకం వేసి ఒక్కోదానికి వందకి ఇన్నని మార్కులిచ్చాడు. అప్పట్నించీ ప్రపంచమంతా అదే దారి. సింగిల్ మాల్ట్ అంటే ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసి, ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్ళు ఉంచినది. నాలుగు బట్టీల సరుకు కలిపితే ఆ పేరు పెట్టుకోకూడదని బ్రిటన్ చట్టం.

"అన్నయ్యా, మనకీ ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండేది!" అన్నాడు వాడు రెండో గ్లాసు దగ్గర.

మర్నాడు తెల్లారకముందే బండెక్కించి గట్టు మీదికి తీసుకుపోయాను.

మాఘమాసపు మంచు ఇంకా చెరువు మీదే ఉంది. గూడబాతులు నీళ్ళ మీద పడవల్లా కదులుతున్నాయి. గీసే ఆయన నడుముకి మోకు, కాళ్ళకి బందం తగిలించుకుని, వెనక కత్తి, లొట్టి కట్టుకుని, మేం బండి స్టాండు వేసేలోపే సగం చెట్టు ఎక్కేశాడు. ఆయన పని కిందనుంచి చూస్తే తెలియదు. నేనొకసారి చెరువు పక్కనున్న మేడ మీదనుంచి, దాదాపు ఆయన ఎత్తులోనే ఉండి చూశాను. ముందురోజు కోసిన గెల కొసని బొటనవేలితో తడుముతాడు. ఎండినట్టుంటే అక్కడ ఒక్క రేకు తీస్తాడు, ఉల్లిపొర మందం అనుకోండి. దాని కంటే లోతుకి దిగితే గెల వారాల ముందే అయిపోతుంది, దిగకపోతే ఊట మూసుకుపోతుంది. కత్తి అంచు గడ్డం గీసుకునేంత పదునుగా ఉంటేనే అది సాధ్యం. రేకు తెగిన చోట చెమటలాగా నీరూరి, చుక్కయి, లొట్టిలోకి జారుతుంది. ఆయన ఆ చుక్క పడేదాకా చూసి గాని పక్క గెల ముట్టుకోలేదు.

ఈ స్థితికి రావడానికి ముందు చాలా నడిచింది. తాటిచెట్టు పన్నెండు, పదిహేనేళ్ళు వచ్చేదాకా పూత పూయదు. పూసేదాకా అది పోతుతాడో పెంటితాడో చెప్పగల మొనగాడు లేడు. అంటే స్కాచ్ వాడు సరుకు తయారయ్యాక పన్నెండేళ్ళు ఆగితే మనవాడు ముందే ఆగాడన్నమాట, అదీ మగో ఆడో తెలియకుండా. పోతుతాడికి వేళ్ళలాంటి పొడుగు గెలలొస్తాయి. వాటిని చెక్కల మధ్య పెట్టి కొన్నాళ్ళపాటు మెల్లగా నొక్కి, కలిపి కట్టి, కొస కోసి లొట్టి తగిలిస్తారు. పెంటితాడికైతే పిందెలు ముదరక ముందే గెలని లొంగదీయాలి. ఆ గెలలో ఇక ముంజలుండవు. మా ఇళ్ళలో ఆడవాళ్ళకీ కల్లు గీసేవాళ్ళకీ వేసవిలో నడిచే తగాదా అంతా ఇదే. పోతుతాడి కల్లు చలికాలంలో, పెంటితాడిది ఎండలు ముదిరేదాకా. తెలంగాణలో పోద్దాళ్ళు, పరుపుదాళ్ళు, పండుదాళ్ళు అని కాలాన్నిబట్టి కల్లుకి పేర్లే పెట్టుకున్నారు. మనం అంత ఓపిక పట్టలేదు, పోతుతాడి, పెంటితాడి అని ఊరుకున్నాం.

గెల నుంచి పడే నీరు మొదట తేటగా ఉంటుంది. తియ్యటి నీళ్ళు, అంతే. అందులో నూటికి పది పాళ్ళకు పైగా పంచదారే. లొట్టి లోపల సున్నం రాస్తే అది అలాగే నిలుస్తుంది, దాన్ని కాచి తాటిబెల్లం చేస్తారు. సున్నం రాయకపోతే లొట్టి గోడల్లో నిన్నటి నుంచి పొంచి ఉన్న సూక్ష్మజీవులు పని మొదలెడతాయి. పాలకి తోడు వేసినట్టే ఇదీను, అందుకే పాత లొట్టి కల్లు త్వరగా తయారవుతుంది. ముందు పాలు పులియబెట్టే జాతి బ్యాక్టీరియా కాస్త పులుపు తెస్తుంది. ఆ వెంటనే ఈస్టు చక్కెరని తిని మత్తూ, నురగా పుట్టిస్తుంది. కొన్ని గంటల్లో మత్తు నూటికి నాలుగైదు పాళ్ళకి, అంటే బీరు దరిదాపులకి, చేరుతుంది. చివరగా వెనిగర్ చేసే జాతి వచ్చి కూర్చుంటుంది, ఇక అది వంటింటి సరుకు. కల్లు తెల్లదనం కూడా పాలలాంటి పదార్థమేదో ఉండి వచ్చింది కాదు, నీళ్ళలో తేలుతున్న ఈ కోట్లాది జీవుల వల్ల వచ్చింది. కాబట్టి ఎంత తెల్లగా ఉంటే అంత మంచిదనుకోవడం పొరపాటు. లేత కల్లు కొంచెం పలచగా, బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటుంది.

ఇక రుచి చూసే సంగతి. గాజు గ్లాసు వద్దు. తాటాకు మడిచి డొప్ప చేసి ఇస్తారు, రెండు చేతులతో పట్టుకోవాలి. ఆ పచ్చి ఆకు వాసన కూడా లెక్కలోదే. ముందు నురగ చూడాలి: సన్నని బుడగలు అంచున గుండ్రంగా నిలిస్తే పని నడుస్తోందని గుర్తు, సబ్బు నురగలా పొంగి ఎంతకీ పోకపోతే ఏదో కలిపారని అనుమానించండి. తర్వాత ముక్కు. మంచి పొద్దుటి కల్లులో నాకు ముందుగా అందేది పండిన అరటిపండు, ఆ వెనక కొత్త మట్టికుండ, అడుగున ఎక్కడో పుల్లట్ల పిండి. మా తమ్ముడు కళ్ళు మూసుకుని లిచీ అన్నాడు. వాడు పెరిగిన ఊళ్ళో వాడికి దొరికిన పండు అది, తప్పు పట్టలేను. విస్కీ వాసనలో పండ్లని గుర్తు చేసేవీ, దీన్లోవీ చాలావరకు ఒకే కుటుంబానివి. రెండుచోట్లా వాటిని చేసేది ఈస్టే కదా.

నోట్లో మొదట తీపి, వెంటనే నాలుక పక్కల చురుకు, మధ్యలో వగరు. వగరు లేని కల్లుని నేను నమ్మను. నీళ్ళు కలిపితే మొట్టమొదట చచ్చేది అదే. విస్కీలో రెండు చుక్కల నీళ్ళు వేస్తే వాసన పైకి తేలుతుందనీ, అందులోని పొగవాసన పదార్థం ద్రవం ఉపరితలానికి చేరుతుందనీ 2017లో స్వీడన్ పరిశోధకులు లెక్కలు వేసి చూపించారు. కల్లుకి ఆ సూత్రం వర్తించదు. కల్లులో నీళ్ళు పోసేవాడు పరిశోధకుడు కాడు.

"తొమ్మిదింటికల్లా ముదురుద్దండి. పదకొండింటికి తాగేవోళ్ళు వేరేనండి, ఆళ్ళకి రుచితో పని లేదు, ఆయ్" అన్నాడు గీసే ఆయన రెండో డొప్ప పోస్తూ. విమర్శకి ఇంతకంటే గట్టి కొలమానం నేను ఏ పత్రికలోనూ చదవలేదు. రాత్రి చల్లదనంలో పులియడం నెమ్మదిస్తుంది కాబట్టి తెల్లవారుజామున దించినదానికి తీపి మిగులుతుంది. ఎండ పడ్డాక ప్రతి గంటకీ అది ఒక మెట్టు దిగుతుంది. ఆయన పక్క చెట్టు లొట్టి నుంచి కూడా పోసి పెట్టాడు. ఇరవై గజాల దూరం, ఒకే గట్టు, ఒకే పొద్దు. అయినా రెండోదాంట్లో వగరెక్కువ, తీపి తక్కువ. మా తమ్ముడు ఆ డొప్ప, ఈ డొప్ప మార్చి మార్చి తాగి, "అన్నయ్యా, ఇది సింగిల్ ట్రీ!" అన్నాడు. దుకాణానికి పోయాక పది చెట్ల కల్లు ఒకే పెద్ద కుండలో పడుతుంది. అక్కడ తాగేది కలగలుపు సరుకు.

నంజుడు విషయంలో నాకు పట్టుదలలున్నాయి. బొమ్మిడాయిల పులుసు లోకోత్తరమే, కానీ కల్లుతో వద్దు. చింతపండు పులుపు, కల్లు పులుపు ఒకదాన్నొకటి మింగేస్తాయి. కొర్రమీను వేపుడు, ఉప్పూ కారం తక్కువేసి, అదీ లేకపోతే ఉడికించిన శనగలు చాలు.

ఇదే జిల్లాలో మెట్టకి పోతే చెట్టు మారుతుంది. ఈతచెట్టుకి గెల జోలికి పోరు, మొవ్వు కింద మానునే చెక్కి ఊట తీస్తారు. ఏటేటా ఒక్కోవైపు చెక్కిన గంట్లు మెట్లల్లా మిగిలి, చెట్టు తన చాకిరీ లెక్క తనే చెబుతుంది. ఈతకల్లు పలచన, తీపెక్కువ, త్వరగా జారిపోయే రకం. ఇంకా పైకి, బుట్టాయగూడెం మన్యంలో జీలుగు. జీలుగుమిల్లి అనే ఊరి పేరులోనే ఆ చెట్టు వినిపిస్తుంది. జీలుగు బతుకులో ఒక్కసారే పూతకొస్తుంది, పైనుంచి కిందికి కొన్నేళ్ళపాటు గెలలు వేసి చచ్చిపోతుంది. ఆ కల్లు చిక్కన, కాస్త జిగురు. నాకు నచ్చలేదని ఒక మిత్రుడితో అంటే రెండు రోజులు మాట్లాడలేదు.

ఈ చెట్ల మీద పన్ను వేసి దొరతనం ఒకసారి చేతులు కాల్చుకుంది. ఇంటికోసం గీసుకునే కల్లుకీ చిగురు పన్ను కట్టాలన్నందుకు 1879లో గోదావరి మన్యంలోని రంప భగ్గుమంది. అల్లూరి సీతారామరాజుకి నలభై ఏళ్ళ ముందటి మాట. అలాగని కల్లుకి నేను దండ వేయబోవడం లేదు. తాగుడు కొంపలెలా ముంచుతుందో 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడి చెప్పారు. హైదరాబాదు వైపు కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపి ప్రాణాలు తీసిన కేసులూ చూశాం. చెట్టు కింద, మీ కళ్ళముందు దించినది తప్ప ఇంకొకటి ముట్టుకోకపోవడమే దానికి విరుగుడు.

దీన్ని సీసాలో పట్టి దాచుకోవచ్చు కదా అనేవాళ్ళకి నా అనుభవం ఒకటి. పాతికేళ్ళ కింద స్నేహితుడి పందెం కోసం లీటరు సీసాలో కల్లు పోసి బిరడా గట్టిగా బిగించి తాడేపల్లిగూడెంలో రైలెక్కాను. కొవ్వూరు వంతెన దాటేసరికి తుపాకీ పేలినట్టయింది. ఎదురు బెర్తు పెద్దాయన పంచె, నా బ్యాగు, ఇద్దరు పిల్లల పరీక్ష పుస్తకాలు తడిసిపోయాయి. లోపల పులియడం ఆగదు, గాలి పోయే దారి ఉండదు. సింహళంలో కొబ్బరికల్లుని బట్టీ పెట్టి హల్మిల్ల అనే చెక్క తొట్లలో ఊరబెట్టి నిలవ చేస్తారు, మంచి పేరుంది. మన దగ్గర దారి నీరా (పులియని తియ్యటి ఊట) వైపు మళ్ళింది. వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కింద పందిరిమామిడి పరిశోధనా కేంద్రంలో నీరా, తాటిబెల్లం మీద పని జరుగుతోంది. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫే తెరిచారు. చల్లగా ఉంచితే గంటలు ఆగుతాయి నిజమే. కానీ నీరాకి వయసు లేదు. పులియనిదాన్ని రుచి చూసి రాయడానికేముంది, తియ్యగా ఉందని తప్ప?

గట్టు మీద తాళ్ళు తగ్గుతున్నాయి. చెరువు తవ్వినచోట కొన్ని పోయాయి, ఇటుక బట్టీకి కొన్ని. ఎక్కేవాళ్ళ పిల్లలు ఎక్కడం లేదు, ఎక్కమని చెప్పడానికి మనమెవరం? పడితే నడుం విరిగే పని అది.

అందుకని ఆ రోజు మా తమ్ముడి నోట్‌బుక్కులో నేనొక రివ్యూ రాసిపెట్టాను. పోతుతాడి, చెరువు పడమటి గట్టు, చివరినుంచి మూడో చెట్టు. మాఘం, మంచు. దించి ముప్పావు గంట. అరటిపండు, కొత్త కుండ, పుల్లట్ల పిండి. వగరు బాగా నిలిచింది. నూటికి ఎనభై ఎనిమిది. పక్క చెట్టుకి ఎనభై ఒకటి.

మీరు వెళ్ళేదుంటే శివరాత్రి లోపు వెళ్ళండి. ఏడున్నరకల్లా చెట్టు కింద ఉండాలి. బండి నడిపేవాడు వేరే ఉండాలి.